అశ్వసేవ: గడ్డి ముందు, గింజ తరువాత



సంక్రాంతి మొదలు ఉగాది దాటే వరకు మన ప్రాంతంలో తీర్థాల కాలం. రావికమతం, మాడుగుల, చోడవరం, నర్సీపట్నం పరిసర గ్రామాలలో అమ్మవారి తీర్థం జరిగినప్పుడు ఎడ్ల పరుగుతో పాటు గుర్రప్పందెం కూడా ఉండటం వాడుక. దర్శనం ముగించుకొన్న భక్తులు పొలంగట్ల మీద బారులు తీరి పందెం చూస్తారు. పందెం కాగానే పిల్లలను ఎత్తుకొని గుర్రాల దగ్గరకు వస్తారు. చేతిలో ఏది ఉంటే అది, అనగా అరటిపండు, బెల్లంముక్క, బూరె, పులిహోర, కొబ్బరిచెక్క, గుర్రం నోటికి అందిస్తారు. ఏడు గుర్రాల రథం మీద సంచరించే స్వామిని అరసవల్లిలో కొలుచుకొనే ప్రాంతం మనది. గుర్రాన్ని చూడగానే ఏదో ఒకటి పెట్టాలనిపించడం సహజమే.

ఈ ప్రాంతపు పశువైద్యశాలలలో చాలాకాలం పనిచేసి ఉద్యోగ విరమణ పొందినవాడను నేను. తీర్థాలు దగ్గర పడుతున్నప్పుడు దాతలు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు: “పందెపు గుర్రాలకు దాణా సమర్పించాలని మొక్కుకొన్నాము, ఎన్ని బస్తాలు తెమ్మంటారు?” నేను చెప్పే జవాబు వారికి మొదట రుచించదు. దాణా బస్తాలు తగ్గించి పచ్చగడ్డి మోపులు, నీటి తొట్టి, ఉప్పు తెండి అంటాను. గడ్డిని దానమంటే చిన్నతనంగా తోస్తుంది. గింజ విలువైనది, గడ్డి చౌక అని మన లెక్క. గుర్రం కడుపు లెక్క వేరు. ఆ లెక్కను వివరించటానికే ఈ వ్యాసం.

గుర్రం ఆవు కాదు

ఆవును, గుర్రాన్ని ఒకే గడ్డి మేసే జంతువులుగా భావించడం వలన సగం చిక్కులు వస్తున్నవి. ఆవు నెమరు వేస్తుంది. దాని మొదటి కడుపు 100 లీటర్లకు పైబడిన పెద్ద తొట్టి. గబగబా మేసి, నింపుకొని, తీరికగా పడుకొని నెమరు వేసుకోగలదు. గుర్రానికి నెమరు లేదు. దాని కడుపు ఎంతో చిన్నది. పందెపు మైదానాలలో కనిపించే 450, 500 కిలోల పెద్ద జాతి గుర్రానికి సైతం కడుపులో పట్టేది 8 నుండి 15 లీటర్లు మాత్రమే. మన తీర్థాలలో పరుగెత్తేవి చాలావరకు 200 నుండి 300 కిలోల తూకం గల తట్టువలు. వాటి కడుపు ఇంకా చిన్నది. అందువలన సృష్టిలో గుర్రానికి ఏర్పడిన పద్ధతి కొంచెం కొంచెంగా, దాదాపు రోజంతా మేయడం. వదలివేసిన గుర్రం పగలు రేయి కలిపి 15, 16 గంటల సేపు మేస్తూనే ఉంటుంది.

ఇంకొక విశేషం ఉన్నది. గుర్రం కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతుంది, మేత ఉన్నా లేకున్నా ఊరుతుంది. ఆ ఆమ్లాన్ని చల్లబరచేది లాలాజలం. మనకు వంటకం వాసన తగిలినా నోరు ఊరుతుంది. గుర్రానికి నమిలినప్పుడు మాత్రమే ఊరుతుంది. పిడికెడు దాణాను నమలటానికి పట్టే సమయం కొద్ది, అదే తూకపు గడ్డిని నమలటానికి దానికి ఎన్నో రెట్లు సమయం పడుతుంది. కాబట్టి గడ్డి మేసే గుర్రం తన మందును తానే తయారు చేసుకొంటున్నది. గడ్డి లేకుండా గంటల తరబడి కట్టివేసిన గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి. పందెపు గుర్రాలలో ఈ పుండ్లు చాలా ఎక్కువగా కనబడటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

గడ్డిలోని పీచు జీర్ణమయ్యేది కడుపులో కాదు, వెనుక ఉన్న పెద్దపేగులో. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి గుర్రానికి శక్తిగా మార్చి ఇస్తాయి. ఈ సూక్ష్మజీవుల సంసారం నాజూకైనది. గింజలోని పిండిపదార్థం చిన్నపేగులోనే జీర్ణమై పోవలెను. ఒక్కసారిగా ఎక్కువ గింజ తిన్నప్పుడు మిగిలిన పిండి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ అది పులిసి ఆమ్లమవుతుంది, పీచును అరిగించే సూక్ష్మజీవులు చనిపోతాయి, వాటి నుండి వెలువడిన విషం రక్తంలో కలుస్తుంది. ఫలితం రెండు విధాలు: కడుపుశూల, లేక గిట్టల లోపలి పొరల వాపు. కొన్నిసార్లు రెండూ కలిసి వస్తాయి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు పైభాగపు కండర బంధం అంత బిగుతుగా ఉంటుంది. కుక్కకు, మనిషికి ఉన్న ఆ రక్షణ గుర్రానికి లేదు. లోపలికి పోయినది ముందుకే పోవలెను.

పెద్దలు ఎరిగినదే

ఇది కొత్తగా పుట్టిన శాస్త్రం కాదు. అశ్వవైద్యానికి మన దేశంలో శాలిహోత్రుడు ఆద్యుడు; ఆయన పేరు మీదనే ఆ విద్యను శాలిహోత్రమన్నారు. అజ్ఞాతవాస కాలంలో నకులుడు దామగ్రంథి అను పేరుతో విరాటుని గుర్రపుశాలలో చేరినది ఈ విద్య తెలిసినందువల్లనే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులకు ఒక ప్రకరణమే ఉన్నది. అందులో గుర్రాల మేత, గింజ, నూనె, ఉప్పు వంటివి కొలతలతో చెప్పి, ఉత్తమ మధ్యమ అధమ భేదాన్ని బట్టి ఆ కొలతలను మార్చినాడు. ఉప్పును ప్రత్యేకంగా లెక్కలో చేర్చటం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. దాని సంగతి ముందు చెప్పుకొందాము. మన తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను గూర్చి హయలక్షణవిలాసమనే పద్యకావ్యమే రచించినాడు.

నలోపాఖ్యానంలోని ఒక ఘట్టం మా వృత్తిలో వారికి ఎంతో ప్రీతి. ఋతుపర్ణ మహారాజు ఒక్క పగటిలో విదర్భ చేరవలెనని ఆజ్ఞాపించగా, బాహుకుని రూపంలో ఉన్న నలుడు అశ్వశాలకు పోయి బక్కపలుచని గుర్రాలను ఎంచుకొంటాడు. ఈ చిక్కిన గుర్రాలు అంత దూరం ఎట్లు పోగలవని రాజు సందేహిస్తాడు. నలునికి తెలుసు, పరుగు గుర్రానికి కండ కావలెను గాని కొవ్వు కాదని. తీర్థానికి నెల ముందు నుండి గుర్రాన్ని బాగా “మేపి” నిగనిగలాడేటట్లు చేసే యజమానులకు నేను ఈ కథే చెబుతూ వచ్చాను. పక్కటెముకలు కంటికి కనిపించక, చేతితో నిమిరితే వేళ్లకు తగలవలెను. అది పరుగు గుర్రానికి సరియైన ఒళ్లు.

మన తప్పులు కూడా పాతవే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో, మాబర్ అని విదేశీయులు పిలిచిన పాండ్యదేశపు సంగతులు చెబుతూ, అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకొనేవారని, వాటిలో ఏడాది తిరిగేసరికి మిగిలేవి కొద్దియేనని రాసినాడు. సరిగా సాకే మనుషులు లేకపోవడం, గుర్రాలకు వండిన అన్నం, వండిన మాంసం పెట్టడం దానికి కారణాలుగా చెప్పినాడు. యాత్రికుల మాటలలో అతిశయోక్తి ఉండవచ్చు. అయినా అన్నం పెట్టి గుర్రాన్ని పోగొట్టుకోవడం అనే మాట చదివినప్పుడు నాకు మన తీర్థాలే కళ్లలో మెదిలినవి.

ఏ గడ్డి మంచిది

గుర్రానికి రోజుకు కావలసిన మేత, నీటి పాలు తీసివేసి లెక్కిస్తే, దాని ఒంటి తూకంలో సుమారు 2 శాతం. 250 కిలోల తట్టువకు 5 కిలోల ఎండుమేత అన్నమాట. పచ్చగడ్డిలో మూడు వంతులకు పైగా నీరే కాబట్టి పచ్చిగా పెట్టితే 20 నుండి 25 కిలోలు కావలెను. ఎంత గట్టి పరుగు గుర్రానికైనా ఎండుమేత లెక్కలో ఒంటి తూకానికి 1.5 శాతం తక్కువ కాకుండా గడ్డి అందవలెను. మిగిలినదే దాణా.

మన చేతికి అందే గడ్డిలో మొదట గరికను చెప్పవలెను. వినాయకునికి దూర్వాయుగ్మంగా సమర్పించే ఆ గరికనే అమెరికాలో బెర్ముడా గడ్డి అనే పేరుతో ఎండబెట్టి కట్టలు కట్టి గుర్రాలకు పెడుతున్నారు. మన పొలంగట్ల మీద ఉచితంగా పెరిగే మేత అక్కడ సాగుచేసే పంట. అయితే మరీ సన్నగా ఎండిన గరిక ఒక్కటే పెట్టి నీరు తక్కువైతే పేగులో ఉండకట్టి అడ్డుపడే ప్రమాదం ఉన్నది. ఎండుగడ్డి ఉన్నచోట నీటికి కొరత ఉండరాదు. గట్ల మీద కోసిన గడ్డి అయితే కలుపు మందు, పురుగు మందు కొట్టలేదని రైతును అడిగి తెలుసుకోవలెను. పిల్లిపెసర, లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేత కొద్దిగా కలిపితే మాంసకృత్తులు, సున్నం అందుతాయి.

వరిగడ్డి మాటేమిటని అడుగుతారు. కడుపు నింపటానికి పనికివస్తుంది, బలానికి చాలదు. పరుగు గుర్రానికి అదొక్కటే మేత కారాదు. చాలా గ్రామాలలో వరిగడ్డికి తోడు తవుడు పెడతారు. ఇక్కడ ఒక గుట్టు ఉన్నది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, సున్నం చాలా తక్కువ. నెలల తరబడి తవుడు మీద బ్రతికిన గుర్రం తన రక్తంలో సున్నం సరిపెట్టుకోవటానికి సొంత ఎముకలనే కరిగించుకొంటుంది. ముందు అడుగులు తడబడతాయి, కాళ్లు మార్చి మార్చి కుంటుతుంది, తరువాత ముఖపు ఎముకలు రెండు ప్రక్కల ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంది. పూర్వం ఐరోపాలో మర యజమానులు తమ గుర్రాలను మరలో మిగిలిన తవుడుతో పెంచేవారు. వాటికి ఈ వ్యాధి ఎక్కువగా వచ్చేది. అందుచేత దీనిని మరవాని గుర్రపు జబ్బు అని కూడా అన్నారు. గుర్రం కుంటుతున్నదని నాడాలు మార్చి, నూనెలు రాసి, దిష్టి తీసి అలసిపోయిన యజమానులను నేను చూశాను. తవుడు తగ్గించి, పెట్టే ప్రతి కిలో తవుడుకు 50 గ్రాముల చొప్పున పశువుల దాణాలో కలిపే సున్నపురాయి పొడి కలిపితే ఈ తేడా సరిపడుతుంది. గోడలకు వేసే సున్నం గాని, తాంబూలపు సున్నం గాని కాదని గట్టిగా చెబుతున్నాను. అవి నోటిని, పేగును కాల్చివేస్తాయి.

ఈమధ్య పాడిరైతులు విరివిగా వేస్తున్న నేపియర్ జాతి గడ్డి ఆవుకు, గేదెకు మేలైనది. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం గుర్రం పేగులో సున్నాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనీయదు. కాబట్టి ఇతర గడ్డితో కలిపి పెట్టవచ్చును గాని అదే ఏకైక మేత చేస్తే తవుడు చేసిన కీడే చేస్తుంది. సుబాబుల్ ఆకు మేకలకు పెడతారు. గుర్రానికి పెడితే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. కాయ పట్టిన జనుము, ఆముదపు గింజ కలిసిన మేత, లేత జొన్నపైరు గుర్రానికి హానికరాలు. బూజు పట్టిన మొక్కజొన్న మరీ ప్రమాదం: అది గుర్రం మెదడునే దెబ్బ తీస్తుంది. గేదె తిని బాగానే ఉన్నది గదా అని గుర్రానికి పెట్టరాదు.

గింజ, బెల్లం

“గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు” అని సామెత. పరుగెత్తే గుర్రానికి గడ్డితో వచ్చే శక్తి చాలదు, దాణా కావలసినదే. నేను గింజకు విరోధిని కాను. ఒక పూటకు ఎంత అన్నదే ప్రశ్న. 250 కిలోల తట్టువకు ఒక్క పూటకు ముప్పావు కిలో మించకుండా, రోజుకు రెండు మూడు పూటలుగా పెట్టవలెను. రోజుకు కావలసిన రెండు కిలోలను ఉదయం ఒక్కసారే బకెట్టులో పోసి తన పనికి పోయే యజమాని గుర్రానికి అన్నం పెట్టినట్టు కాదు, పరీక్ష పెట్టినట్టు.

మన దేశంలో గుర్రపు గింజ అంటే ఉలవలే. మాంసకృత్తులు నూటికి 20 పాళ్లకు పైగా ఉన్న బలమైన గింజ అది. పచ్చి ఉలవలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉన్నందున ఉడికించి పెట్టడం మన పెద్దల ఆచారం. అది సబబైన ఆచారం. పొడి ఉలవలు ఆకలి మీద ఉన్న గుర్రం ముందు పెట్టితే అవి లోపల నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. ఉడికిన ఉలవలు ఆరు గంటలలో పులుస్తాయి కనుక ఏ పూటకు ఆ పూట వండుకోవలెను. ఉలవలు ఒక్కటే పెట్టటం కంటె కొంత ఓట్స్ గాని, యవలు గాని కలుపుట మంచిది. శక్తి ఇంకా కావలెనంటే గింజ పెంచుటకు బదులు శనగనూనెను ఒక చిన్న గరిటెతో మొదలుపెట్టి రెండు మూడు వారాలలో మెల్లగా పెంచవచ్చును. నూనె శక్తి ఇస్తుంది, పెద్దపేగును పులియబెట్టదు. కౌటిల్యుని జాబితాలోనూ నూనె ఉన్నదని పైన చెప్పియే ఉన్నాను.

గుర్రం పనిలేక నిలబడిన రోజున దాణాను సగానికి తగ్గించవలెను. పని రోజుల దాణా సెలవు రోజున కూడా తిని, మరునాడు పరుగుకు బయలుదేరిన గుర్రం కొద్ది దూరం పోయేసరికి నడుము కండరాలు రాయిలాగ బిగుసుకొని, చెమటలు కక్కి, కాఫీ రంగు మూత్రం పోస్తుంది. ఆదివారం విశ్రాంతి తీసుకొన్న బండి గుర్రాలకు మరునాడు ఇది వచ్చేదని తెల్లవారు దీనికి సోమవారపు జబ్బని పేరు పెట్టినారు. అటువంటి గుర్రాన్ని ఒక్క అడుగు కూడా నడిపించరాదు.

అనకాపల్లి బెల్లానికి దేశమంతటా పేరు. బెల్లపు దిమ్మ గుర్రానికి సమర్పించటం ఇక్కడ పరిపాటి. బొటనవేలంత ముక్క ఆనందానికి పెట్టవచ్చును, దానివల్ల కీడు లేదు. తీర్థంలో రెండు వందల మంది భక్తులు తలా ఒక ముక్క పెట్టితే అది ముక్క కాదు, దిమ్మ. ఒక్కొక్కరి చేతిలో ఉన్నది కొంచెమే. ప్రమాదమంతా ఆ మొత్తంలో ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక తీర్థంలో పందెం గెలిచిన చామనచాయ గుర్రానికి సాయంత్రం వరకు అదే జరిగినది. దండలు వేసి, బూరెలు, పులిహోర, చక్రపొంగలి, అరటిపండ్లు తినిపించారు. యజమాని కొండ మీది గూడెం మనిషి. ఏడాది పొడుగునా ఆ గుర్రం మీదనే జీడిపిక్కలు, అడ్డాకుల మోపులు సంతకు దించి బ్రతికేవాడు. వద్దనటానికి మొగమాటపడినాడు. “దేవుని ప్రసాదం బాబూ, కాదని ఎలా అంటాను” అని తెల్లవారి నాతో అన్నాడు. అప్పటికి గుర్రం మాటిమాటికి కడుపు వైపు తిరిగి చూసుకొంటూ, కాళ్లతో నేల గీస్తూ, పడుకొని దొర్లుతూ ఉన్నది. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగినవి. కడుపుకు చెవి ఆనించితే చప్పుడు లేదు. గొట్టం వేసి కడుపు ఖాళీ చేసినాము, మందులు ఇచ్చినాము. మధ్యాహ్నం కాకముందే పోయినది. ఆ కుటుంబానికి పోయినది పందెపు గుర్రం మాత్రమే కాదు, సంతకు దారి.

పరుగునాడు, నీరు, ఉప్పు

పందెంనాడు గుర్రాన్ని ఉదయం నుండి పస్తు ఉంచడం కొందరి అలవాటు, కడుపు తేలికగా ఉంటుందని. ఖాళీ కడుపులోని ఆమ్లం పరుగులో పైకి చిమ్మి, రక్షణ లేని పై గోడను కాలుస్తుంది. పరుగుకు మూడు నాలుగు గంటల ముందు నుండి గింజ పెట్టరాదు. గంట ముందు రెండు పిడికిళ్ల గడ్డి పెట్టవలెను. కడుపులో పరచిన ఆ గడ్డి చాప ఆమ్లాన్ని చిమ్మనీయదు.

గుర్రం మనిషివలె ఒళ్లంతా చెమట పోసే జంతువు. ఆ చెమట రక్తం కంటె ఉప్పగా ఉంటుంది. పెద్ద గుర్రం వేడి వాతావరణంలో గట్టిగా శ్రమిస్తే గంటకు 10 లీటర్లకు పైగా చెమట పోయవచ్చును. నీరు, ఉప్పు రెండూ కలిసి పోవటం వలన ఒక వింత జరుగుతుంది: రక్తంలో ఉప్పు పాలు పెరగదు కాబట్టి మెదడుకు దాహం తెలియదు. ఒళ్లు ఎండిపోతున్నా గుర్రం నీటి తొట్టి దగ్గర మూతి పెట్టి తీసివేస్తుంది. దానికి దాహం లేదని మనం అనుకొంటాము. ఉప్పు అందితేనే దాహం పుడుతుంది, త్రాగిన నీరు ఒంట నిలుస్తుంది. తట్టువకు మామూలు రోజున 15 గ్రాములు, చెమట పట్టిన రోజున దానికి రెట్టింపు సాధారణ ఉప్పు దాణాలో కలిపి, ప్రక్కనే మంచినీరు ఉంచవలెను. కౌటిల్యుడు ఉప్పును లెక్కలో ఎందుకు చేర్చెనో ఇప్పుడు ఊహించవచ్చును.

పరుగెత్తిన గుర్రానికి వెంటనే నీళ్లు పట్టరాదని, చన్నీళ్లు పోస్తే గుండె ఆగునని మన గ్రామాలలో గట్టి నమ్మకం. ఈ నమ్మకం ఇతర దేశాలలోనూ ఉండేది. 1996లో అట్లాంటాలో ఎండకాలపు ఉక్కలో ఒలింపిక్ అశ్వక్రీడలు జరపవలసి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని ముందుగా పరీక్షించి చూశారు. వేడెక్కిన గుర్రం మీద చల్లని నీరు ధారాళంగా పోయుట హాని కాదు, ప్రాణరక్షణ అని తేలినది. మెడ, భుజాలు, తొడలు, పొట్ట క్రింద నీరు పోసి, నీడలో మెల్లగా నడిపించి, మళ్లీ పోయవలెను. త్రాగటానికి అయిదారు లీటర్లు ఇచ్చి, కాసేపు నడిపించి మళ్లీ ఇవ్వవలెను. దాణా మాత్రం ఒళ్లు చల్లబడి, ఊపిరి కుదుటపడిన తరువాతనే.

కొండ గుర్రాలు

రావికమతం మండలంలో కల్యాణపులోవకు పైనున్న కొండల వైపు, రోడ్డు లేని గూడేలకు బియ్యం, ఉప్పు, నూనె మోసేవి గుర్రాలే. పందెపు రోజున మనం చూసే తట్టువలలో కొన్ని ఏడాదిలో మిగిలిన దినాలు ఈ పని చేసేవే. భారం మోసే జంతువులను గూర్చి 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనలలో తట్టువకు 70 కిలోలు పరిమితి. కొండ మీద అవి రకరకాల గడ్డి, ఆకు మేసి బ్రతుకుతాయి, గింజ అపురూపం. తీర్థానికి నాలుగు రోజుల ముందు క్రిందికి దించి, గెలిపించవలెనన్న ఆరాటంతో ఒక్కసారిగా కిలోల కొద్దీ ఉలవలు పెట్టితే పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆ మార్పు తట్టదు. ఏ కొత్త మేతనైనా 10 రోజులకు తక్కువ కాకుండా, మెల్లమెల్లగా అలవాటు చేయవలెను. పందెం పది రోజులలో ఉండి గుర్రం ఇంకా కొండ మేత మీదనే ఉంటే దానిని అట్లే పరుగెత్తనివ్వటం మేలు.

మేత ఎంత పెట్టినా ఒంటికి పట్టకపోతే పేగు పురుగులు, అరిగి మొనలు తేలిన పళ్లు, జోరీగల వలన వచ్చే సర్రా వ్యాధి ఇవి మూడు చూడవలెను. లద్దె పరీక్ష, పళ్ల పరీక్ష, రక్త పరీక్ష పశువైద్యశాలలో చేయించవచ్చును. గుర్రానికి ధనుర్వాతం తేలికగా సోకుతుంది. నాడా మేకు గుచ్చుకొన్నా చాలు. తీర్థాల కాలానికి ముందే టీకా వేయించవలెను.

దాతలకు, భక్తులకు

గుర్రం నేల గీయడం, పొట్ట వైపు చూడటం, దొర్లడం, లద్దె వేయకపోవడం శూలకు గుర్తులు. ముందు కాళ్లు చాచి బరువంతా వెనుకకు వాల్చి నిలబడటం, గిట్టలు వేడిగా తగలడం గిట్టల వాపుకు గుర్తులు. ఏది కనిపించినా మేత తీసివేసి, ఆముదమో సారాయో నోట పోయకుండా, 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలువవలెను. నోట బలవంతంగా పోసినది ఊపిరితిత్తులలోకి పోయి చనిపోయిన గుర్రాలు ఉన్నవి.

ప్రసాదం మనకు. గుర్రానికి అదే భక్తితో ఇవ్వదగినది గరిక పిడికెడు. యజమానిని అడిగి, చేయి చాపి, వేళ్లు కలిపి అరచేతి మీద ఉంచి అందించండి. పిల్లల చేత కూడా అట్లే పెట్టించండి. గుర్రాలు కట్టిన చోట పళ్లెంలో ప్రసాదం పట్టుకొని తిరగకుండా నిర్వాహకులు ఒక త్రాడు కట్టి, ప్రక్కన గరిక బుట్ట పెట్టితే చాలును. గత రెండేండ్లుగా మా చుట్టుప్రక్కల ఒక ఊరిలో ఈ పద్ధతి నడుస్తున్నది, భక్తులు ఎవరూ నొచ్చుకోలేదు.

మొక్కు గలవారు ఈ లెక్క చూసుకోవచ్చును. ఒక రోజు తీర్థానికి 20 గుర్రాలు వస్తాయనుకొంటే, గుర్రానికి 25 కిలోల చొప్పున 500 కిలోల పచ్చగడ్డి, త్రాగటానికి 30 లీటర్ల చొప్పున 600 లీటర్ల నీరు, ఒంటి మీద పోయటానికి కనీసం అంతకు రెండింతలు, ఒక కిలో ఉప్పు. గడ్డి ముందునాటి సాయంత్రం కోసి, కుప్ప పోయకుండా నీడలో పలుచగా పరచి ఉంచండి. కుప్పలో రాత్రంతా వేడెక్కిన పచ్చగడ్డి తెల్లవారేసరికి పులిసి పనికిరాకుండా పోతుంది.